లెక్కలో లేనోళ్లు వాపసు ఎట్లా వొస్తారు?

(నిమ్మనపల్లె మండలంలోని ఒక దళితవాడలో, గల్ఫ్‌కి పోయినవాళ్ల కుటుంబాలతో జరిగిన రాత్రి సభలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగం ఇది. మాట్లాడిన తీరునే అచ్చు వేస్తున్నాం.)



పొద్దున టమోటా కోతకు పొయ్యి, సాయంత్రం దాకా నడుములు వొంచి, సంగటి కూడా సగం తిని ఇక్కడికి వొచ్చినారు. ఎక్కువసేపు కూర్చోబెట్టం. కానీ ఒక సంగతి మాట్లాడుకోకపోతే కుదరదు. ఈ వాడలో కువైట్‌కో సౌదీకో మనిషిని పంపని ఇల్లు ఏదో చెయ్యెత్తండి అంటే ఎత్తే చేతులు తక్కువే. పంపిన మనిషి ఇప్పుడు ఏ ఇంట్లో ఉంది, ఎవరి పేరున వీసా ఉంది, పాస్‌పోర్టులో ఏ పేరు రాసి ఉంది, చెప్పగలిగినోళ్లు చెయ్యెత్తండి అంటే ఎత్తేది ఇంకా తక్కువ. ఈ రాత్రి మాట ఇదే.

మా సంఘానికి తెలిసిన ఒక అక్క కథ చెప్తాం. పేరు చెప్పం, ఊరు చెప్పం. బోరు వేసి నీళ్లు పడక, అప్పు మీద అప్పు చేసి, ఏజెంటు చేతిలో దుడ్లు పెట్టి కువైట్‌కి పొయ్యింది. ఇంటిపని. పొద్దున అయిదుకు లేస్తే నడిజాము దాకా పని. జీతం రెండు నెలలు ఇచ్చి మూడో నెల ఆపినారు. అడిగితే చెయ్యి చేసుకున్నారు. ఒకరోజు చెత్త పారేసేదానికి బయటికొచ్చి అట్లే పొయ్యింది. పాస్‌పోర్టు ఇంటాయన బీరువాలోనే ఉండిపొయ్యింది. ఆయన మర్నాడే పరారీ కేసు పెట్టినాడు. ఆ కేసుతో ఆమె అఖామా రద్దయ్యింది. జీతం ఎగ్గొట్టినోడు నేరస్తుడు కాలేదు, జీతం రాలేదని బయటికొచ్చిన మనిషి నేరస్తురాలయ్యింది.

అట్లాంటోళ్లని మనోళ్లే అక్కడ ‘ఖల్లీవల్లీ’ అంటారు. ఎవరికీ పట్టని మనిషి అని. హసావీలో ఒక రూములో పదిమందితో ఉంటూ ఆ ఇంట్లో రెండు గంటలు ఈ ఇంట్లో రెండు గంటలు పని చేసి, బిడ్డలకు ఫీజులు పంపింది. ఒక తెల్లవారుజామున పోలీసు చెకింగు పడింది. కొన్నాళ్లు లోపల పెట్టి, వేలిముద్రలు తీసుకొని విమానం ఎక్కించినారు. వొంటి మీద బట్టలతో దిగింది. ట్రంకుపెట్టె, బిడ్డకని కొన్న చిన్న బంగారు కమ్మలు, తోటి ఆడోళ్ల దగ్గర చీటీ కట్టిన దినార్లు అన్నీ అక్కడే. అయిదేళ్ల మీదట ఇంటికొచ్చిన మనిషి చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు.

ఈ మధ్య పేపర్లలో, టీవీల్లో ఇంకొక విమానం గురించి చూసింటారు. 2025 ఫిబ్రవరి 5న అమెరికా వాళ్ల మిలిటరీ విమానం 104 మంది భారతీయుల్ని తెచ్చి అమృతసర్‌లో దించింది. చేతులకు బేడీలు, కాళ్లకు గొలుసులు. పార్లమెంటులో గోల జరిగింది, కొందరు ఎంపీలు బేడీలు తగిలించుకొని నిలబడినారు. మంచిదే. మనిషికి గొలుసు వేసేదాన్ని ఎవరు అడిగినా మేము వాళ్ల పక్కనే. కానీ ఒకటి అడగాల్సి ఉంది. మన సీమ ఆడోళ్లు చెరలో నుంచి నేరుగా విమానం ఎక్కి, చెప్పులు కూడా లేకుండా మద్రాసులో, హైదరాబాదులో ఎన్నేళ్ల నుంచి దిగుతా ఉండారు? దాని మీద ఏ సభ ఆగింది? అమెరికా పోయేదానికి లక్షలు లక్షలు పెట్టగలిగినోళ్ల గొలుసు కనపడింది. ఇంట్లో పాచిపని చేసేదానికి పొయ్యిన మాదిగామె, మాలామె, చాకలామె, సాయిబులామె చేతి బేడీ కనపడలేదు. దేశానికి కన్ను ఉంది, అది కులం చూసి తెరుచుకుంటుంది.

సరే, అలిగి కూర్చుంటే పని కాదు. మనలాంటి పేదోళ్లే జైలు నుంచి వాపసు వొచ్చిన సంగతి ఒకటుంది. అది ఎట్లా అయ్యిందో చూడండి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల బెస్తోళ్లు గుజరాత్‌లో వేరావల్ దగ్గర కూలికి పడవలెక్కుతారు. మనం బెంగుళూరుకి బేల్దారి పనికి పొయ్యినట్లే. 2018 నవంబరులో వాళ్ల పడవలు సముద్రంలో గీత దాటినాయని పాకిస్తాన్ వాళ్లు పట్టుకొని కరాచీ జైల్లో వేసినారు. మన రాష్ట్రం వాళ్లు ఇరవై మందికి పైనే. నీళ్ల మీద గీత ఎవరికి కనపడుతుంది? పదమూడు నెలల పైన లోపలున్నారు. 2020 జనవరి 6న వాఘా దగ్గర 20 మందిని అప్పగించినారు. దీని మీదనే 2025లో ‘తండేల్’ అని సినిమా వొచ్చింది, మదనపల్లెలో చూసినోళ్లు ఉంటారు. సినిమాలో హీరో కొడతాడు, జెండా ఎగరేస్తాడు. నిజంగా ఆ మనుషుల్ని బయటికి తెచ్చింది కొట్లాట కాదు, జాబితా.

ఏం జాబితా అంటారా? ఇండియా, పాకిస్తాన్ రెండూ 2008లో ఒక ఒప్పందం చేసుకున్నాయి. ప్రతి ఏడూ జనవరి 1న, జూలై 1న మా జైళ్లలో మీవోళ్లు వీళ్లున్నారు అని పేర్ల జాబితాలు ఇచ్చి పుచ్చుకోవాల. పట్టుకున్న మూడు నెలల్లోపల ఎంబసీ వాళ్లని కలవనియ్యాల. శిక్ష అయిపొయ్యి, ఫలానా దేశపోడే అని తేలితే నెల లోపల పంపించాల. ఇదంతా సక్రమంగా జరుగుతుందని కాదు, శిక్ష అయిపొయ్యి కూడా మగ్గేవాళ్లు రెండు దిక్కులా ఉండారు. యుద్ధాలు చేసుకున్న రెండు దేశాలు కూడా మనుషుల పేర్లు రాసుకుంటున్నాయి, అది చూడండి. ఇంకొక సంగతి, ఆ బెస్తపల్లెల ఆడోళ్లు ఊరికే కూర్చోలేదు. ఏ పడవలో ఎవరు, ఏ తేదీన పట్టుకున్నారు అన్నీ రాసుకొని, కనపడిన ప్రతి నాయకుడి కారుకీ అడ్డం నిలబడినారు. పేరు రాసి ఉన్నది కాబట్టి అడిగేదానికి కుదిరింది.

మన ఆడోళ్ల పేరు ఏ జాబితాలో ఉంది?

ఉండదు. ఎందుకో చెప్తాం. పదో తరగతి పాసు కానోళ్ల పాస్‌పోర్టుని ఇ.సి.ఆర్. అంటారు. గల్ఫ్ దేశాలకు పనికి పోవాలంటే 1983 నాటి వలస చట్టం కింద వాళ్లు ముందుగా సర్కారు అనుమతి తీసుకోవాల. పదో తరగతి ఎవరు పాసు కాలేదు? బడి మాన్పించి గొర్రెల వెనక, కలుపుకు, కోతకు పంపింది ఎవర్ని? ఆ ముద్ర మన వాడల మీద పడిన ముద్రే. ఆ పైన ఇంటిపనికి పొయ్యే ఆడమనిషికి ముప్పై ఏళ్లు నిండాలన్నారు. 2016 నుంచి ప్రైవేటు ఏజెంట్లు ఇట్లాంటి ఆడోళ్లని పంపకూడదు, సర్కారు సంస్థల ద్వారానే పోవాలన్నారు. ఆడోళ్లను కాపాడేదానికే అని చెప్పినారు. కానీ సర్కారు సంస్థ ఈ వాడకు వొచ్చిందా? ఏజెంటు వొచ్చినాడు. ఇరవై నాలుగేళ్ల పిల్లకు ముప్పై రెండేళ్లని రాయించినాడు. పేరు మార్చినాడు. విజిట్ వీసా మీద దుబాయికో మస్కట్‌కో దాటించి, అక్కడ నుంచి ఇంకో దేశానికి తోసినాడు. దర్వాజా మూస్తే మనిషి ఆగలేదు, కిటికీలో నుంచి దూకింది. దూకినామె లెక్కలో లేదు. పట్టుబడితే వాళ్ల దేశానికి అక్రమం, మన దేశానికి తెలియదు.

ఇక క్షమాభిక్ష సంగతి. కువైట్ సర్కారు అప్పుడప్పుడు గడువు ఇస్తుంది. అఖామా లేనోళ్లు జరిమానా కట్టకుండా పోవచ్చు, మళ్లీ కొత్త వీసా మీద రావచ్చు అని. 2018 జనవరి చివర మొదలుపెట్టి ఏప్రిల్ 22 దాకా ఇచ్చినారు. 2020 ఏప్రిల్‌లో ఇచ్చినారు. 2024 మార్చి 17 నుంచి మొదలుపెట్టి జూన్ ఆఖరు దాకా ఇచ్చినారు. ఈ గడువులో తనంతట తాను పొయ్యినామెకు, చెకింగులో దొరికి డిపోర్టు అయినామెకు చాలా తేడా ఉంది. డిపోర్టు అయినామె వేలిముద్ర మిషన్‌లో ఉంటుంది. మళ్లీ పోతే ఎయిర్‌పోర్టులోనే తిప్పి పంపుతారు. ఈ సంగతి తెలియక, ఇంకో ఏజెంటుకు ఇంకో లక్ష ఇచ్చి, పొయ్యిన విమానంలోనే వెనక్కి వొచ్చినోళ్లు ఉన్నారు. ఏజెంటుకు తెలుసు, చెప్పడు.

2020లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. కరోనా కాలం. గడువు నమ్మి మనోళ్లు వేలమంది రూములు ఖాళీ చేసి, కువైట్ సర్కారు పెట్టిన శిబిరాల్లో చేరినారు. మేమే విమానాల్లో పంపిస్తాం అని కువైట్ వాళ్లు అన్నారు. మన సర్కారు విమానాలు దిగనియ్యలేదు, ఆకాశం మూసినాం అనింది. నెలకు పైన ఎండలో, బడి గదుల్లో, కింద పడుకొని ఎదురు చూసినారు. మే నెలలో గాని కదల్లేదు. అట్లని విమానాలు లేకనా? 1990లో సద్దాం సైన్యం కువైట్‌లో దిగినప్పుడు ఇదే దేశం అమ్మాన్ నుంచి 488 విమానాల్లో లక్షా డెబ్బై వేల మందిని తెచ్చుకుంది. అప్పుడు తలుచుకున్నారు, అయ్యింది.

ఇప్పుడు జైలు మాట. మదనపల్లె దిక్కు నుంచి ఒక తల్లి మా దగ్గరికి వొచ్చింది. “నాయనా, ఖైదీల మార్పిడి అంట గదా, వాళ్లోణ్ణి ఒకణ్ణి ఇచ్చి మావాణ్ణి ఇడిపించండి” అనింది. ఆమె తప్పు లేదు. మార్పిడి అనే మాట అట్లాంటిది. అది సంతలో ఎద్దుకు ఎద్దు మార్చేది కాదు, విడుదల అసలే కాదు. అక్కడ పడిన శిక్షలో మిగిలింది ఇక్కడి జైల్లో అనుభవించేది. రియాద్ జైలు నుంచి కడప సెంట్రల్ జైలుకి, అంతే. దీనికి 2003లో మన పార్లమెంటు చట్టం చేసింది. సౌదీతో 2010లో, ఎమిరేట్స్‌తో 2011లో, కువైట్‌తో 2013లో, ఖతర్‌తో 2015లో ఒప్పందాల మీద సంతకాలు పెట్టినారు. లోపలున్నోడు తనే ఒప్పుకోవాల. తీర్పు ఆఖరుది అయ్యుండాల, అప్పీళ్లు ఉండకూడదు. ఇంకో కేసు ఉండకూడదు. మామూలుగా ఆరు నెలల శిక్ష అయినా మిగిలి ఉండాల. ఉరిశిక్ష పడినోళ్లకు ఇది వర్తించదు. అర్జీ అక్కడి జైలు నుంచి ఎంబసీకి, ఎంబసీ నుంచి ఢిల్లీలో హోం శాఖకు, అక్కడ నుంచి మన రాష్ట్రానికి రావాల, రాష్ట్రం సరే అనాల.

ఇంతా అయినాక పోలీసాయన ఊరికొచ్చి, ఫలానా పేరు మనిషి ఈ ఊరోడేనా అని విచారిస్తాడు. పాస్‌పోర్టులో ఒక పేరు, రేషన్ కార్డులో ఒక పేరు, ఓటు కార్డులో తండ్రి పేరు ఇంకోటి. ఏజెంటు గీసిన గీత ఇక్కడ ఉరితాడయ్యి బిగుసుకుంటుంది. మావాడే అని తల్లి ఏడుస్తుంది, కాగితం కాదంటుంది.

2025 మార్చిలో విదేశాంగ శాఖ పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం 10,152 మంది భారతీయులు పరాయి దేశాల జైళ్లలో ఉన్నారు. సౌదీలో, ఎమిరేట్స్‌లో రెండున్నర వేలకు అటూ ఇటూ. దీంట్లో విచారణలో ఉన్నోళ్లు కూడా కలుస్తారు. ఇన్ని ఒప్పందాలున్నా వాటి కింద ఇంటి దగ్గరి జైలుకు వొచ్చినోళ్లు బహు తక్కువ. సర్కారు బద్ధకం ఒక కారణం. ఇంకొకటి కూడా ఉంది, దాచకూడదు. రంజాన్‌కి, జాతీయ దినానికి అక్కడి రాజులు ఖైదీలను వొదులుతారు. ఇక్కడికి వొచ్చేస్తే ఆ ఆశ పోతుందేమో అని కొందరు వొద్దంటారు. జరిమానా, నష్టపరిహారం కట్టలేక ఆగిపొయ్యినోళ్లు ఇంకొందరు. కాబట్టి మార్పిడికి అర్జీ పెట్టమని అందరికీ ఒకే మాట మేము చెప్పం. పదేళ్లు పడినోడికి ముసలి తల్లి ములాఖత్‌కి పోయేంత దగ్గర్లో ఉండటం పెద్ద సంగతి. ఏడాది మిగిలినోడు కాగితాలు తిరిగే లోపల బయటికే రావచ్చు. వాణ్ణి అడిగి, లెక్క చూసి చెయ్యాల.

సిరిసిల్ల దిక్కు అయిదుగురి సంగతి విన్నారు గదా. 2005లో దుబాయిలో ఒక నేపాలీ వాచ్‌మన్ చనిపొయ్యిన కేసులో వీళ్లకు శిక్ష పడింది. అక్కడ చనిపొయ్యినోడి ఇంటివాళ్లు సొమ్ము తీసుకొని క్షమిస్తే శిక్ష తగ్గే దారి ఉంది. కె.టి.రామారావు నేపాల్ పొయ్యి ఆ కుటుంబానికి 15 లక్షల రూపాయలు అప్పగించినారు. అయినా ఏళ్ల తరబడి కాగితాలు నలిగి నలిగి, 18 ఏళ్ల జైలు తర్వాత 2024లో వాళ్లు ఇంటికి చేరినారు. అంత పెద్ద మనిషి పూనుకుంటేనే అన్నేళ్లు పట్టింది. చనిపొయ్యినోడూ మన మాదిరే పొట్ట చేతబట్టుకొని పొయ్యినోడే, అది కూడా మరిచిపోవద్దు.

మనుషుల్ని సర్కార్లు సరుకు మాదిరి లెక్కపెట్టేది నిన్నా మొన్నటిది కాదు. మన తాతల నాడే ఉంది. 1860 నుంచి 1911 దాకా మద్రాసు ఓడరేవు నుంచి దక్షిణాఫ్రికాలో నాటాల్ చెరుకు తోటలకు కూలీలను తోలినారు. ఉత్తర ఆర్కాటు, చిత్తూరు దిక్కు నుంచి పొయ్యినోళ్లు చాలా మంది. అయిదేళ్ల కరారు అయినాక అక్కడే బతుకుతాం అంటే, 1895లో తలకు ఏడాదికి మూడు పౌన్ల పన్ను వేసినారు. మళ్లీ కరారు రాయి, లేదంటే ఓడ ఎక్కు. పని కావాల, మనిషి వొద్దు. ఈ పన్ను 1914లో గాని పోలేదు. 1927లో రెండు సర్కార్లు ఒప్పందం చేసుకొని, వాపసు పోతే దుడ్లు ఇస్తాం అని ఆశ పెట్టినాయి. నమ్మి మద్రాసులో దిగినోళ్లకు ఏం దొరికింది? ఊరికి పోతే సముద్రం దాటొచ్చినోళ్లు, కులం కలిపినోళ్లు అని దగ్గరికి రానియ్యలేదు. భూమి లేదు, పని లేదు, పిల్లనిచ్చేవాడు లేడు. ఎంతోమంది కలకత్తాలో మటియాబుర్జ్ మురికివాడకు చేరి, మళ్లీ ఏదైనా ఓడ ఎక్కిస్తారా అని ఎదురు చూసినారు.

స్వతంత్రం వొచ్చినాక మారిందా? 1964 అక్టోబరులో లాల్ బహదూర్ శాస్త్రి, సిలోను ప్రధాని సిరిమావో బండారనాయకే కూర్చొని తేయాకు తోటల కూలీలను పంచుకున్నారు. 5,25,000 మంది నీకు, 3,00,000 మంది నాకు. మిగిలిన లక్షన్నరను 1974లో చెరి సగం. ఆ కూలీల్లో ఎక్కువ మంది తమిళ దళితులు. ఆ తోటల్లోనే పుట్టినోళ్లని, మీ దేశం ఏదప్పా అని పంపకానికి ముందు అడిగినోడు లేడు. ఇది ఖైదీల మార్పిడి కాదు గానీ, ఖైదీకైనా ఒప్పుకుంటావా అని అడుగుతారు.

ఇంకో మాట, కొంతమందికి చేదుగా ఉంటుంది. 2025లో మన దేశంలోనే బెంగాలీ మాట్లాడే కూలీలను బంగ్లాదేశోళ్లని పట్టుకొని సరిహద్దు దాటించి తోసినారు. అట్లా తోసినోళ్లలో పశ్చిమ బెంగాల్‌లో పుట్టిన మన దేశపోళ్లే ఉన్నారు, కోర్టుల్లో కొట్లాడి కొందర్ని వెనక్కి తెచ్చుకోవాల్సి వొచ్చింది. టీ అంగడి కాడ కూర్చొని ‘తొయ్యాల్సిందే’ అనే మనోళ్లని విన్నాం. అనే ముందు, కువైట్‌లో ఉన్న మీ చెల్లెలు గురించి అక్కడి టీ అంగడిలో ఏమంటున్నారో అనుకోండి.

చివరికి మన వాడ మాట. నాటాల్ నుంచి వొచ్చినోళ్లకు ఊరు ఏం చేసిందో చెప్పినాం. మనం ఏం చేస్తున్నాం? మొదట చెప్పిన అక్క ఇల్లు చేరినాక మూడు నెలలు బయటికి రాలేదు. ‘అన్నేళ్లు అక్కడ ఏం చేసిందో, ఎవరింట్లో ఉండిందో’ అన్నది రెడ్లు కాదు, నాయుళ్లు కాదు, మన వీధి కొళాయి కాడ మనోళ్లే. ఆమె పంపిన దుడ్లతో వేసిన రేకుల ఇంట్లో కూర్చొనే మొగుడు అన్నాడు. మగోడు డిపోర్టు అయ్యి వొస్తే ‘పాపం, దెబ్బ తిన్నాడు’ అంటారు. ఆడామె వొస్తే వేరే కథ అల్లుతారు. ఆ భయానికే ఎంతమంది ఆడోళ్లు క్షమాభిక్ష గడువు ఉన్నా రాకుండా ఖల్లీవల్లీగా ఉండిపోతున్నారో. సర్కారును అడిగే నోరు మనకుండాలంటే ముందు ఈ నోరు మూసుకోవాల.

సర్కారును అడిగేదానికి ఉంది. 2009లో ఎంబసీల్లో ఒక సంక్షేమ నిధి పెట్టినారు. పాస్‌పోర్టు కాగితాలకు పొయ్యినప్పుడు మనోళ్ల దగ్గర వసూలు చేసిన రుసుముతోనే అది నడుస్తుంది. అది ధర్మం కాదు, మన దుడ్లే. ఇబ్బందిలో ఉన్నోళ్లకు టికెట్టు, లాయరు, తప్పు లేకుండా పడిన చిన్న జరిమానాలు దాంట్లో నుంచి ఇవ్వొచ్చు అని నియమాల్లోనే ఉంది. కువైట్‌లో కూడా 2015 నుంచి ఇంటిపనోళ్లకు చట్టం ఉంది, యజమాని పాస్‌పోర్టు పట్టుకోకూడదు. అడిగేదానికి పోతే ఆఫీసులో మొదటి ప్రశ్న: పాస్‌పోర్టు నంబరు ఎంత? రెండోది: వీసా ఎవరి పేరున? మన తల్లి అక్కడ నోరు తెరిచి నిలబడిపోతుంది.

అందుకే ఈ రాత్రి నుంచి పుస్తకం పెడుతున్నాం. వంద పేజీల మామూలు నోటు పుస్తకం. ఒక్కొక్కరికి ఒక పేజీ. పాస్‌పోర్టులో ఉన్న పేరు, ఇంట్లో పిలిచే పేరు, రెండూ రాస్తాం. ఏజెంటు ఎవరు, ఎంత ఇచ్చినారు, ఏ తేదీన పొయ్యింది, అరబ్బీ ఇంటాయన పేరు, ఏ వీధి, ఆఖరుసారి ఎప్పుడు మాట్లాడింది. వయసు తప్పు రాయించింటే అది కూడా దాచొద్దు. మేము పోలీసులం కాదు, పుస్తకం బయటికి పోదు. ఫోన్లో పాస్‌పోర్టు ఫోటో ఉంటే చూపించండి, లేకుంటే రేపు ఫోను చేసి పంపించమనండి. ఇంటాయన బీరువాలోకి పోకముందే, విమానం ఎక్కకముందే కాపీ ఇంట్లో పెట్టే పని ఇకనుంచి పోబోయేవాళ్లు చెయ్యాల. నెల దాటి ఫోను రాకపోతే ఇంట్లో కుమిలిపోవద్దు, వొచ్చి చెప్పండి. మండలాఫీసుకు, మదనపల్లె సబ్ కలెక్టరుకు, ఎంబసీకి ఒకే రోజు మూడు అర్జీలు పోతాయి, పది ఇండ్లోళ్లం కలిసి పోతాం.

పుస్తకం బడి అరుగు మీద ఉంది. ఇంటర్ చదివే పిల్లోళ్లు ఇద్దరు పెన్నులు పట్టుకొని కూర్చోనుండారు. ముసలోళ్లు ముందు రండి, రాయించుకొని పొయ్యి పడుకోండి, తెల్లారితే మళ్లీ కోత ఉంది.